అత్తగారి ధార

మా బావ గైడు. అడవి లోయలో జలపాతాలు, కాలిబాటలు, రైళ్ళు తిరగడం మానేసిన పాత రైలు వంతెనలు వచ్చినవాళ్ళకి చూపించడం ఆయన పని. ఆయన కూర్చునే గైడుల గదిని ఆనుకుని నాదొక కొట్టు. బూట్లు, చేతికర్రలు, రెయిన్‌కోట్లు అద్దెకిస్తాను. అక్క పెళ్ళయిన కొత్తలో నాలుగు రోజులుండి పోదామని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను.

బావలో వంక పెట్టాల్సిందంటూ ఉంటే అది పేర్లు పెట్టే జబ్బు. పాత రైల్వే మ్యాపులో వంతెనలకి నంబర్లున్నాయి గానీ జలపాతాలకి పేర్లు లేవు. పేరు లేనిదాన్ని జనం గుర్తుపెట్టుకోరని ఆయన చుట్టాల పేర్లు పెట్టేశాడు. తన చుట్టాలవి కాదు, మావైపు వాళ్ళవి. వాన పడ్డ రెండు రోజులు ఎగిరెగిరి దూకి, ఎండ రాగానే ఆనవాలు లేకుండా పోయే ధార ఒకటుంది. దాని పేరు బావమరిది ధార. "తిండి వేళకి కనిపిస్తుంది, పని వేళకి కనిపించదు" అని నా కొట్లో బూట్లు తీసుకున్నవాళ్ళకే చెప్తాడు. వాళ్ళు తిరిగొచ్చి బూట్లు విప్పుతూ నా మొహం చూసి నవ్వుతారు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

అన్నిటికంటే పెద్దది మూడో వంతెన మీంచి కనిపిస్తుంది. మలుపు అవతలినుంచే దాని హోరు వినపడుతుంది. దాని పేరు అత్తగారి ధార. అత్తగారంటే మా అమ్మ.

అక్క ఈ లోయ చూడటానికి వచ్చి, లోయతోపాటు గైడుని కూడా మెచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. "దారి చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా? దారి తెలిసినవాడు తన దారిన తను పోక పదిమందినీ వెంటేసుకుని తిరుగుతాడా?" అంది. నాన్న ఎప్పటిలాగే ఏమీ అనలేదు. పెళ్ళి దగ్గరుండి జరిపించి, అక్కని ఇక్కడ దిగబెట్టి వెళ్ళి, మరుసటి ఏడాది అలాగే ఏమీ అనకుండా కన్నుమూశాడు. అమ్మ మాత్రం పెళ్ళినాటి నుంచి అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏదున్నా నా ద్వారానే. "ఒరేయ్, మీ బావని దగ్గుకి మందు వేసుకోమను" అని ఫోన్లో అంటుంది. పక్కనే ఉన్న బావ విని "వేసుకున్నానని చెప్పు" అంటాడు. నేను చెప్తాను.

ఈసారి అమ్మ రాక తప్పలేదు. అక్కకి నెలలు నిండుతున్నాయి. ఈ మలుపుల రోడ్డు మీద ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. కిందటిసారి అక్క కడుపు నిలబడలేదు. ఆ భయం దాని మొహంలో కనిపిస్తూనే ఉంటుంది. "పురుడయ్యేదాకా అమ్మ నా పక్కన ఉండాలి. మీ ఇద్దరి వల్ల అలిగి వెళ్ళిపోయిందో, ఆ ధార కిందే నిలబెడతాను మిమ్మల్ని" అని మా ఇద్దరికీ ముందే చెప్పింది. చెప్పి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అమ్మ వచ్చిన మర్నాడే నా కొట్టు సర్దింది. బట్ట అన్నది వేలాడుతూ కనిపిస్తే ఆవిడకి పడదు. కొక్కేలకి ఆరేసిన తడి రెయిన్‌కోట్లన్నీ మడతపెట్టి బల్ల మీద పేర్చింది. మూడో రోజుకి కొట్టంతా ముక్కిపోయిన వాసన.

వారం తిరిగేసరికి అమ్మ అడగనే అడిగింది. "ఒరేయ్, ఇంత దూరం వచ్చి ఆ వంతెనలేవో చూడకుండా కూర్చోవాలా? మీ బావ తీసుకెళ్తాడేమో అడుగు."

బావ మొహం పాలిపోయింది. వంతెన మొదట్లోనే అటవీ శాఖవాళ్ళు పాతిన బోర్డుంది, అత్తగారి ధార అని ఇంతింత అక్షరాలతో. దాన్ని పీకలేం, తుడవలేం. చివరికి మధ్యాహ్నం వెళ్ళి నా రెయిన్‌కోటొకటి దానికి తొడిగి వచ్చాం. ఎవరో ఆరేసుకున్నట్టు సహజంగా ఉందని బావ మురిసిపోయాడు. ఇద్దరు మగాళ్ళం అంతసేపు ఆలోచించాం, అసలు సంగతి ఒక్కడికీ తట్టలేదు.

మర్నాడు అక్కని పక్కింటి నర్సుకి అప్పజెప్పి బయల్దేరాం. వంతెన దగ్గరికి రాగానే అమ్మ ఆగింది. "ఎవరో మర్చిపోయినట్టున్నారు" అంటూ రెయిన్‌కోటు తీసి, దులిపి, నీటుగా మడతపెట్టి నా చేతికిచ్చింది. తలెత్తి బోర్డు చదివింది.

"ఏ అత్తగార్రా?"

నేను బావని చూశాను.

"ఈ వంతెన కట్టించిన ఇంజనీరుగారి అత్తగారని చెప్పు" అన్నాడు బావ.

"ఆవిడకిక్కడ ఏం పనట?"

"రోజూ వచ్చి పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసేదట."

"మంచి పని చేసింది. అందుకే ఇన్నాళ్ళు నిలబడింది" అని అమ్మ వంతెన ఎక్కింది.

గండం గడిచిందనుకుని మేమూ ఎక్కాం. మధ్యకి చేరామో లేదో అవతలి కొసనుంచి పొట్టి గైడు ఓ పాతికమందిని తోలుకొచ్చాడు. వాడు బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. బావ దగ్గుతో సహా నేర్చుకున్నాడు. బావ కళ్ళతో, చేతులతో వద్దు వద్దని సైగ చేశాడు. నమస్కారం పెడుతున్నాడనుకుని వాడింకా హుషారెక్కాడు.

"మన అదృష్టం! ఈ ధారకి వాళ్ళ అత్తగారి పేరు పెట్టిన పెద్ద గైడుగారు ఇక్కడే ఉన్నారు. దూరంనుంచి వింటే గుండె జారిపోతుంది. దగ్గరికెళ్తే మొహాన నాలుగు చుక్కలు చిలకరించి వదిలేస్తుంది. వేసవిలో మిగతావన్నీ నోరు మూసుకున్నా ఇదొక్కటే మూయదు. ఎవరు పిలిచినా పలుకుతుంది, కానీ చివరి మాట తనదే. కావలిస్తే పిలవండి!"

పాతికమందీ రెయిలింగు పట్టుకుని "అత్తా!" అని అరిచారు. లోయ "అత్తా" అంది. వాళ్ళు నవ్వుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ వెళ్ళిపోయారు. వంతెన మీద మేం ముగ్గురం మిగిలాం.

అమ్మ నీళ్ళకేసి తిరిగింది. "ఒరేయ్, రేపు పొద్దున్న బస్సు ఎన్నింటికో మీ బావని అడుగు."

నేను అడగలేదు. ఆరేళ్ళలో అమ్మ మాట చేరవెయ్యకపోవడం అదే మొదలు. ఇంటి దగ్గర మంచం మీదున్న అక్క కళ్ళముందు కనపడింది.

"పోనీ ఇదడుగు" అంది అమ్మ. "నన్ను ఇంత చేసి నిలబెట్టాడు కదా, మరి మీ నాన్నకేం మిగిల్చాడట? ఆయన పేరు దేనికీ పెట్టబుద్ధి కాలేదా?"

బావ నా కోసం ఆగలేదు. రెయిలింగు దగ్గరికి వెళ్ళి, ధార అడుగున నల్లగా, కదలకుండా ఉన్న మడుగు చూపించాడు.

"అది మామగారి మడుగండీ. ఆ పేరు నేను పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నారు. అమ్మాయిని దిగబెట్టడానికి వచ్చినప్పుడు ఇక్కడే నిలబడి ధార పేరు విన్నారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వి, కిందకి చూసి, 'అయితే అది నేనోయ్, ఇదంతా పడేది నాలోనేగా' అన్నారు. 'ఇది ఆగితే నేను ఎండిపోతాను' అని కూడా అన్నారు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మడుగుకేసి చూస్తూ నిలబడింది. నేను అటు తిరిగి రెయిన్‌కోటు మళ్ళీ మడతపెట్టాను. అది మడతలోనే ఉంది.

"లోతెంత, అల్లుడుగారూ?"

బావ అలవాటుగా నాకేసి తిరిగాడు. నేనూ ఆయనకేసే చూస్తున్నాను. అడిగింది తననేనని ఆయనకి తెలియడానికి కాస్త టైము పట్టింది.

"ఇంతవరకూ ఎవరికీ అందలేదు అత్తయ్యా."

"అందదు" అంది అమ్మ. రెయిలింగు మీదికి వంగి, పెళ్ళయినప్పటినుంచీ వంటింట్లోంచి కేకేసినంత గట్టిగా, "ఏమండీ!" అని పిలిచింది.

"ఏమండీ" అంది లోయ.

"చూశారా, ఇప్పుడు పలుకుతున్నారు. ఉన్నన్నాళ్ళూ ఒక్కసారన్నా ఇంత గట్టిగా పలికితే ఏం పోయిందో" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తరవాత మళ్ళీ అల్లుడికే చెప్పింది. "ఇక పదండి, ఇంటి దగ్గర అమ్మాయి ఎదురుచూస్తుంటుంది. ఆ దగ్గుకి మందు వేసుకున్నారా అసలు?"

వేసుకోలేదని బావ నేరుగా చెప్పుకున్నాడు, నేరుగానే తిట్లు తిన్నాడు. వంతెన దిగేదాకా ఆ తిట్లు ఆగలేదు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. మడతపెట్టిన రెయిన్‌కోటు చంకలో పెట్టుకుని వాళ్ళ వెనకాల నడిచాను.