ఎవ్వలు తియ్యని ఫోటో

"ఎవ్వలు తియ్యని ఫోటో తియ్యాలె." ఊరూరా ఇదే మాట అంటూ, ఊరూరా అదే ఏడుపు తీసుకుపోయేవాడు ఆ జనగామ ఫోటోగ్రాఫర్. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నర్మెట్టలో రజాకార్లు మా ఇల్లు తగలబెట్టి పోయారు. మర్నాడు పొద్దున్నే అమ్మ బూడిదంతా బయట కుప్పపోసి, కప్పులేని ఇంట్లో పేడతో అలికి ముగ్గేసింది. అప్పుడొచ్చాడు ఆయన. మూడుకాళ్ల కెమెరా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి పెదవి విరిచాడు. బూటుకాలితో ముగ్గు చెరిపేసి, కుప్పలోని బూడిద తెచ్చి మళ్లీ చల్లాడు.

"కాలిన ఇల్లంటే గిట్లుండాలె. అక్కా, జర ఏడువు."

అమ్మ ఏడవలేదు. పేడ కలిపిన కుండలో చెయ్యి ముంచి, కెమెరా అద్దాన్ని నిండుగా అలికింది.

"ఇగ తియ్యి. గిది ఎవ్వలు తియ్యలే."