ముక్కు తుడిచే పని

అనకాపల్లిలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక ముస్లిం పెద్దావిడ కుట్టుమిషను ఒళ్ళో పెట్టుకుని పాత గుడ్డతో తుడుస్తోంది. ఒక స్క్రూ వదులుగా వేలికి తగిలినట్టుంది, కత్తెర మొనతో బిగించేసింది.

"పాడైందాండీ?" అన్నాను.

"పాడవ్వకూడదనే తుడుత్తన్నానమ్మా. తుడిత్తేనే గదా, ఎక్కడేటి వదులైందో తెలిసేది! నువ్వేటి సేత్తావు?"

సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మెషిన్ నడుపుతానని, అది రోజూ ఆగిపోయి నాకు తిట్లు తెచ్చిపెడుతోందని చెప్పాను.

"మరి దాన్నెవరు తుడుత్తారు?"

"మెకానికండి. నేను నడుపుతానంతే."

ఆవిడ పకపకా నవ్వింది. "పిల్ల ముక్కు తుడవడానిక్కూడా డాక్టరే రావాలేటమ్మా?"

ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

మర్నాడు మెషిన్ ఆన్ చేసేముందు, గుడ్డ పట్టుకుని దాన్ని తుడవడం మొదలుపెట్టాను. నన్ను చూసి పక్కవాళ్ళూ అందుకున్నారు. ఇప్పుడు మా దగ్గర ఎవరి మెషిన్ వాళ్ళే తుడుచుకుంటాం. మెకానిక్ రావడం బాగా తగ్గింది. ఎప్పుడైనా వస్తే, "డాక్టరుగారొచ్చారు" అని అందరం లేచి నిలబడతాం. అంత గౌరవం ఎందుకో ఆయనకి ఇంకా తెలీదు.