ఒంటికన్ను బండి

వీధిలో ఆవిడని పళ్ళమ్మ అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, బుట్టలో పండ్లు పెట్టుకుని అమ్ముకునే మనిషి కాబోలనుకునేవారు. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. పళ్ళ డాక్టరు ఆస్పత్రి వెనక, ఒకే కిటికీ ఉన్న గదిలో మైనం కరిగించి, అచ్చు పోసి, ఎవరెవరి నోళ్ళకో సరిపడేట్టు ఒక్కొక్క పన్నూ కూర్చేది. "ఊళ్ళో సగంమంది నా పళ్ళతోనే నన్ను తిట్టుకుంటారు" అని నవ్వేది.

భర్త పోయాక ఆ నవ్వు తగ్గిపోయింది. ఒక సాయంత్రం ఆయన పక్కింటి టైలరుతో కలిసి రోడ్డు వారగా నడిచి వస్తున్నాడు. ఎదురుగా ఒక్క దీపం కనబడింది. ఇద్దరూ కాస్త పక్కకి జరిగారు. వచ్చింది వ్యాను. వాళ్ళ వైపు ఉన్న దీపం వెలగడంలేదు. టైలరు కాలు విరిగి బతికాడు. ఆవిడ వెళ్ళి మంచం పక్కన నిలబడితే మొహం చెల్లక గోడవైపు చూస్తూ చెప్పాడు.

"బైకనుకున్నాం చెల్లెమ్మా. బైకుకి ఎంత తప్పుకోవాలో అంతే తప్పుకున్నాం."

ఆ మాట ఆవిడ చెవుల్లోంచి పోలేదు. ఎవరితోనూ అనలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. లోపల మాత్రం గడ్డకట్టుకుపోయింది.

కొన్నాళ్ళకి డాక్టరుగారు కొత్త కారు కొనుక్కుని పాతది ఆవిడకి ఇచ్చేశారు. కిందా మీదా పడి నడపడం నేర్చుకుంది. అద్దాలు తుడవడం, గాలి కొట్టించడం తప్ప ఆ బండి ఒంటి మీద ఇంకెక్కడా చెయ్యి వేసి ఎరగదు. కాస్త మూలిగినా మెకానిక్కు దగ్గరికి తోలుకుపోయేది.

తల్లి పక్క పట్నంలో అన్నయ్య దగ్గర ఉండేది. ఒకరోజు ఆవిడ పనిలో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఆస్పత్రిలో చేర్చాం. అమ్మకి ఊపిరి అందట్లేదే. నిన్నే పిలుస్తోంది. ఉన్నపళంగా బయల్దేరు."

గోళ్ళలో ఇరుక్కున్న మైనం కూడా గీరుకోకుండా, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కూతుర్ని ఎక్కించుకుని బయల్దేరింది.

సగం దారిలో పెట్రోలు కోసం ఆగారు. అప్పటికే పొద్దు వాలి మసక కమ్ముతోంది. లైట్లు వేసి బండి తిప్పబోతుంటే, పెట్రోలు పోసిన మనిషి చెయ్యెత్తి ఆపాడు.

"మేడమ్, ఎడమ లైటు వెలగట్లేదు మీకు."

దిగి చూసింది. ఎదుటి గోడ మీద రెండు వెలుగులు పడాల్సిన చోట ఒక్కటే పడింది. వెనక్కి వచ్చి ఇంజను ఆపేసింది.

"నెమ్మదిగా పోదాం అమ్మా" అంది కూతురు. "మావయ్య మళ్ళీ ఫోన్ చేస్తున్నాడు."

"దీంతో పోను."

"అక్కడ అమ్మమ్మ..."

"నాకు తెలీదటే? దీంతో మాత్రం పోను."

అక్కడి మెకానిక్కు ఇంటికెళ్ళిపోయాడట. ఆఖరి బస్సు దాటిపోయింది. టాక్సీ కావాలంటే పట్నం నుంచే రావాలి. బంకు పక్క కొట్లో బల్బు మాత్రం దొరికింది.

"నాకు పెట్రోలు పొయ్యడమే వచ్చు మేడమ్. గాజుని మాత్రం వేళ్ళతో ముట్టుకోకండి, జిడ్డు అంటితే మాడిపోతుందంటారు" అని చెప్పి ఆ మనిషి వేరే బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

బానెట్ ఎత్తే మీట ఎక్కడుందో వెతుక్కోవడంతోనే పుణ్యకాలం కాస్తా గడిచింది. కూతురు ఫోను వెలుగు పట్టుకుంది. లైటు వెనక ఉన్న రబ్బరు మూత పీకితే లోపల వైర్ల ప్లగ్గు కనబడింది. అటూ ఇటూ ఆడించి లాగేసరికి ఒక్కసారిగా ఊడింది. పిడికిలి బ్యాటరీ అంచుకి కొట్టుకుని తోలు లేచిపోయింది. ఆ లోపల బల్బుని పట్టి ఉంచే తీగ క్లిప్పు కంటికి ఆనదు. నోట్లో వెనకపన్ను తడిమినట్టు వేళ్ళతోనే తడుముకోవాలి. లాగింది, రాలేదు. తెలిసీ తెలియక నొక్కి పక్కకి జరిపితే వదిలింది. పాత బల్బు చేతికి వచ్చింది, గాజు లోపలంతా మసి.

కొత్తదాన్ని చేతిరుమాలుతో పట్టుకుని పెట్టి, క్లిప్పు బిగించి, లైటు వేసింది. వెలుగు గోడ దాటిపోయి రేకుల కప్పు మీద పడింది. బల్బు వంకరగా కూర్చుంది.

"వెలిగిందిగా! చాలమ్మా, ఎక్కు!"

"ఎదుటివాడి కళ్ళల్లో కొడుతుందే."

మళ్ళీ అంతా విప్పింది. ఫోను మోగింది. "వస్తున్నాం మావయ్యా... లైటు... అవును, కారు లైటే..." అంటూ కూతురు ఏడుపు దిగమింగుకుంది. అన్నయ్య ఏమంటున్నాడో ఆవిడకి వినబడలేదు, గొంతు మాత్రం వినబడింది. తొందరపడే చేత్తో ఏదీ సరిగ్గా కూర్చోదని ఆవిడకి తెలుసు. ఊపిరి బిగబట్టి, బల్బు అంచున ఉన్న రేకు చెవులు గాడిలో పడేదాకా మెల్లగా తిప్పింది. టక్కుమంది. ఈసారి గోడ మీద రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడ్డాయి.

దారంతా రోడ్డు వారన నడిచేవాళ్ళు వెలుగు చూసి తప్పుకుంటున్నారు. అదేమీ ఆవిడకి ఊరట కాలేదు.

ఆస్పత్రి మెట్ల మీద వదిన నిలబడి ఉంది. మొహం చూడగానే తెలిసిపోయింది.

"కాసేపయింది" అంది వదిన. "తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకుంది."

గది ముందు అన్నయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మ పోతుంటే బల్బు మార్చుకుంటూ కూర్చున్నావా?"

"అన్నయ్యా, ఒక్క లైటుతో..."

"బావ అలా పోయాడు. కాదన్నానా? కానీ ఇవాళ పోయింది అమ్మ."

ఆవిడ ఆయన్ని తప్పించుకుని గదిలోకి వెళ్ళింది.

లోపల, మంచం పక్కన గ్లాసులో తల్లి పళ్ళసెట్టు ఉంది. ఆవిడ చేసిందే. పెట్టబోతే పట్టలేదని నర్సు వదిలేసిందట. ఆవిడ చేతులు సబ్బుతో ఎంత తోమినా గ్రీజు వదల్లేదు. చివరికి నర్సు తొడుగులు ఇచ్చింది. తల్లి దవడ మెల్లగా తెరిచి, ముందు పైవరస, తర్వాత కిందివరస కూర్చోబెట్టింది. లోపలికి పోయిన బుగ్గలు నిండి, తెలిసిన మొహం తిరిగి వచ్చింది. అప్పుడు ఏడ్చింది. గుమ్మంలో ఉన్న అన్నయ్య తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాత అన్నయ్య ఆవిడతో మాట మానేశాడు. కొన్నేళ్ళకి తనకి పళ్ళు కట్టించుకోవాల్సి వస్తే వేరే ఊరు వెళ్ళి కట్టించుకున్నాడు. అవి వదులై, అన్నం తింటుంటే జారిపోతున్నాయని వదిన ఫోనులో చెప్పింది. "ఒక్కసారి రమ్మను వదినా, సరిచేస్తాను" అందావిడ. ఆయన రాలేదు.

ఒక ఆదివారం బట్టలు ఆరేస్తూ కూతురు అడిగింది.

"మళ్ళీ అలాంటి పరిస్థితే వస్తే ఆగుతావా అమ్మా?"

ఆవిడ చీర అంచు దులిపి, తాడు మీద వేసింది.

"ఆగుతాను. ఆగినందుకు మళ్ళీ ఇలాగే ఏడుస్తాను."

"నాకు ఆరోజు నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది."

"ఉండనీవే" అంది ఆవిడ. "నాకూ ఉంది."