పొగ ఉన్న రోజే కొలిచాను

"ఆ చోడవరం చేను లిస్టులోంచి తీసేద్దాం అమ్మా" అన్నారు మా సార్ ఫోన్‌లో. "చలికాలమంతా అక్కడ పొగే. ఉపగ్రహం చెప్పేదానికీ, నువ్వు నేల మీద కొలిచేదానికీ పొంతనే లేదు."

నాకు ఒళ్ళు మండింది. అది మా మేనత్త చెరకు చేను. విశాఖలో పరిశోధనకు చేరాక పట్టుబట్టి నేనే దాన్ని లిస్టులో పెట్టించాను. ఉపగ్రహం లెక్కను నేల మీద సరిచూసే చోట్లలో మా వైపున్నది అదొక్కటే. అదీ పోతే మా పైరు పైనుంచి ఎలా కనబడితే అదే నిజమైపోతుంది. ఉపగ్రహ చిత్రంలో మా చెరకు తెగులు పట్టినట్టు పాలిపోయి ఉంది. చేలో చూస్తే, లోపలికి వెళ్ళిన మనిషి కనబడనంత ఏపుగా ఉంది.

ఉపగ్రహాన్ని తిట్టి లాభం లేదు. ఆకు మీద పడి పైకి తిరిగొచ్చే వెలుతురునే అది కొలుస్తుంది. మధ్యలో పొగ, దుమ్ము తేలుతుంటే, ఆకును తాకని ఎండ కూడా ఆ రేణువుల మీద చెదిరి పైకి పోతుంది. రెండూ కలిసేసరికి ముదురు పచ్చ కాస్తా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

"ఇంకొక్కసారి కొలుస్తాను సార్. అప్పటికీ కుదరకపోతే తీసేయండి" అన్నాను.

"అయితే ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు చూసుకో" అన్నారు.

ఉపగ్రహం మా మీదుగా పోయేది పదిన్నర ప్రాంతంలో. పొద్దున్నే బస్సు దిగి చేనికి వెళ్తే, గట్టు పక్కనే అత్త వాళ్ళ బెల్లం పొయ్యి భగభగ మండుతోంది. పొగ చేను మీద పరుచుకుంటోంది.

"అత్తా, పదకొండు దాకా పొయ్యి ఆపెయ్యవా" అని బతిమాలాను.

"రసం పెనంలో పోసేసేం. ఇప్పుడాపితే పాకం ఏటవుతాదే?" అంది అత్త, కలపడం ఆపకుండానే. "మీ సేటిలైటునే కాసేపు ఆగమని సెప్పు."

పొయ్యి దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గట్టు మీద చతికిలబడ్డాను. ఈ పొయ్యి ఆపించినా, రోలుగుంట నుంచి దేవరాపల్లి దాకా ఎన్నని ఆపించను? శుభ్రమైన రోజులే లెక్కలోకి వస్తాయంటే, చెరకు నరికే కాలమంతా మేం లేనట్టే కదా. అప్పుడు పట్టింది నాకు పంతం. పొగ పోయేదాకా ఆగేది లేదు, ఆ పొగనే కొలుస్తాననుకున్నాను.

సూర్యుడి వైపు పట్టి చూసే చిన్న పరికరం సంచిలోనే ఉంది. గాలిలోని రేణువులు ఎండను ఎంత అడ్డుకుంటున్నాయో చెబుతుంది. మామూలుగా దానిలో చూసి, ఆకాశం బాగోలేదంటే ఇంటికి పోతాం. ఆ రోజు పోలేదు. ఆకులను పైనుంచి కొలవాలి కాబట్టి అత్త వాళ్ళ నిచ్చెన తెచ్చాను; చెరకుకు ఆనించి ఎక్కడానికి లేదు కాబట్టి దాన్ని ఇద్దర్ని పట్టుకోమన్నాను. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా, ఉపగ్రహం దాటిపోయేదాకా ఒకసారి ఎండను, ఒకసారి ఆకులను కొలుస్తూనే ఉన్నాను.

ఆ పొగ వాటాను లెక్కలోంచి తీసేస్తే, ఉపగ్రహం అంకె, నిచ్చెన మీది నా అంకె దాదాపు కలిసిపోయాయి. సార్ రెండుసార్లు సరిచూశారు. "చేను ఉంచుదాం. ఇకమీదట పొగ రోజులను కూడా వదలొద్దు" అన్నారు.

అత్తకు ఫోన్ చేశాను.

"అయితే మన సెరుకు పచ్చగుందని ఒప్పుకున్నారేటి?" అంది.

"ఒప్పుకున్నారత్తా."

"మరి మళ్ళీ ఎప్పుడొస్తాదో సెప్పు ఆ సేటిలైటు. నిచ్చెన అక్కడే ఉంచేను."