కూర్చోకూడని ఎడారి

నేను ఎడారిని ఎప్పుడూ చూడలేదు. నేను చూసిన ఇసుకంతా మద్రాసు మెరీనా బీచిలోదే. అయినా నాకు తెలిసిన ఎడారుల్లోకెల్లా ప్రమాదకరమైనదాన్ని నేనే తయారు చేశాను, టి. నగర్‌లో ఒక చీరల దుకాణం మూడో అంతస్తులో, కస్టమర్లు విప్పి పడేసిన చీరలు మడతపెడుతూ.

దుకాణంలో మా పని నిలబడటం. మధ్యాహ్నం భోజనానికి తప్ప కూర్చునేది లేదు. అమ్మేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని చట్టం వచ్చిందని, లైబ్రరీలో పేపరు చూసి అందరికంటే ముందు నేనే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు ప్లాస్టిక్ స్టూళ్ళు వచ్చాయి. వారం రోజులు తలెత్తుకు తిరిగాను. స్టూళ్ళను మాత్రం ఒకదానిలో ఒకటి దూర్చి గోడవారగా పెట్టేశారు. వాటి మీద కూర్చున్న మనిషిని సూపర్‌వైజరు ఏమీ అనడు. మరుసటి వారం గోడౌన్‌కు మారుస్తాడు, అంతే.

నా చదువు పదో తరగతితో ఆగింది. తరువాతదంతా మా పేట లైబ్రరీ చలవ. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాకే పరిమితం. అవి రెండేళ్ళలో అయిపోతే తమిళంలో పడ్డాను. ఎడారుల మీద ఉన్న ఒక లావు పుస్తకాన్ని మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. ఒంటె మూపురంలో ఉండేది నీళ్ళు కాదు, కొవ్వు. ఇసుకతిన్నెలు నడుస్తాయి, కొన్ని మోగుతాయి కూడా. సినిమాల్లో చూపించినట్టు మనుషుల్ని మింగే ఊబి పొడి ఎడారిలో ఉండదు. ఇది తెలిసి కూడా నా ఎడారిలో మింగే ఇసుకనే పెట్టాను. అది నిలబడ్డవాళ్ళ జోలికి రాదు, నడిచేవాళ్ళ జోలికి రాదు. కూర్చున్నవాళ్ళను తాగేస్తుంది. నెత్తిన బట్టల మూటలతో కొందరు ఆడవాళ్ళు దాన్ని దాటుతుంటారు. నిద్ర కూడా నిలబడే, ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి.

మధ్యాహ్నం మూడు దాటాక జనం పలచబడేవారు. సూపర్‌వైజరు టీకి వెళ్ళేవాడు. అప్పుడు ఈ ఎడారి కథను రోజుకింత చొప్పున చెప్పేదాన్ని. వినేది ఇద్దరు. ఒకరు కాటన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన తిరుపతి అమ్మాయి. రెండోవారు పట్టు సెక్షన్ అక్క.

అక్క ఇరవై ఏళ్ళుగా ఆ పట్టు చీరల ముందే నిలబడింది. వాళ్ళది తాతల కాలం నుంచీ జార్జి టౌన్. ఇంట్లో నెల్లూరు తెలుగు, వీధిలో తమిళం. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండేవి. పొద్దున్నే గుడ్డకట్టు బిగించుకుని వచ్చేది. కాలు పైకి పెట్టి విశ్రాంతి ఇవ్వకపోతే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. ఆమెకున్నది ఒకటే ఆశ. కింది అంతస్తులో చీరలకు ఫాల్ కుట్టడానికి తీసుకునే కౌంటరు ఉంది. అక్కడి పని కుర్చీలో కూర్చుని చేసేది. అక్కడున్న పెద్దావిడ, మేమంతా మామి అని పిలిచే తమిళావిడ, దీపావళితో మానేస్తోంది. అప్పటిదాకా ఒక్క రోజు కూడా సెలవు పెట్టకపోతే ఆ కుర్చీ నీదేనని సూపర్‌వైజరు మాటిచ్చాడు.

అందాకా ఎలాగో నెట్టుకొస్తోంది. పట్టు చీరల బీరువా వెనక, చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మల చాటున, మడిచిన అట్టపెట్టె మీద రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు కూర్చునేది. నేను కాపలా ఉండేదాన్ని. ఆ పది నిమిషాలే ఆ కాలిని నిలబెట్టాయి.

నా కథలో పసుపు మూట మోసే ముసలామె ఒకతె ఉంది. అక్కకు ఆమె మీదే ధ్యాస.

“ముసల్ది యాడిదాకా వచ్చె మే?”

“ఇంకా రెండు రోజుల దారుందక్కా.”

“రెండు రోజులా! మూట నువ్వు మోస్తా ఉండావా ఏంది? నోటితో చెప్పేదే గదా, బిరబిరా దాటించు పా.”

“అట్టా కుదర్దక్కా. ఈమె లైబ్రరీలో పర్మిషన్ తీసుకుని రావాల,” అనేది కాటన్ అమ్మాయి.

దీపావళికి పది రోజుల ముందు. జనం తెరిపి లేకుండా వస్తున్నారు. మధ్యాహ్నాలు కథ సాగడమే లేదు. ఒక సాయంత్రం అన్ని అంతస్తుల్లోనూ దీపాలు పెట్టి సాంబ్రాణి తిప్పుతున్నప్పుడు ఒక్క నిమిషం తెరిపి దొరికింది. అక్క ముసలామె సంగతి అడిగింది. నా గొంతు పోయి ఉంది. ఆ ముసలామెను ఇంక మోయలేననిపించింది.

“కూర్చునిందక్కా. ఇసుక తాగేసింది.”

మడతపెడుతున్న చేయి ఆగిపోయింది. “దీపం పెట్టే యాళ ఏం మాట మే అది? తథాస్తు దేవతలు తిరిగే యాళ. మాట ఎనక్కి తీసుకో.”

సంజెవేళ ఏ మాటన్నా పైనున్న దేవతలు తథాస్తు అంటారని మావాళ్ళ నమ్మకం. నోరు జారితే అక్కడికక్కడే కాదు కాదు అనుకుని మాట మార్చుకుంటారు. మా అమ్మా అంతే. రెండు ముక్కలంటే సరిపోయేది. కానీ నేను చదువుకున్నదాన్ని కదా.

“కూర్చుంటే తాగేస్తాదని మొదట్నే చెప్పినా గదక్కా. ఇప్పుడు మారిస్తే కథకు విలువేముంది?”

“నీ ఇలువ నువ్వే పెట్టుకో,” అని చీర తిప్పేసింది.

మరునాడు బీరువా వెనక్కి వెళ్ళమని కళ్ళతో సైగ చేశాను.

“వద్దు మే. కూర్చున్నదాన్ని నువ్వేం చేసినావో ఇన్నాను గదా. దీపావళి దాకా కూర్చోను. ఆ తర్వాత కుర్చీలోనే.”

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కానీ వెళ్ళలేదు. మూఢనమ్మకాల గురించి నేను చదివిందంతా చెప్పాను. ఓపికగా వింటూ ఆరు చీరలు మడిచింది. మూడో రోజుకు నా పంతం పోయింది.

“ముసల్ది బతికిందక్కా. చేయి పట్టి లాగేసినారు.”

“ఇప్పుడా? అన్న యాళే తీసుకోవాల మే. మధ్యాన్నం రెండింటికి ఏ దేవతుంటాది?”

ఐదో రోజు ఒక పెళ్ళివాళ్ళకు పట్టుచీర భుజాన వేసి చూపిస్తూ ఉండగా, ఆమె కాలి కట్టులోంచి రక్తం దిగి నేల మీద పడింది. ముందు చూసింది కొనడానికి వచ్చినావిడే. సూపర్‌వైజరు పరుగున వచ్చి, మొదట చీరకు అంటిందేమోనని చూశాడు. అంటలేదు. కాటన్ అమ్మాయీ నేనూ అక్కను కిందికి దించి ఆటో ఎక్కించాం. ఆసుపత్రిలో నెలకు పైగా మంచం దిగకూడదన్నారు.

దీపావళి అయింది. మామి వెళ్ళిపోయింది. ఆ కుర్చీలోకి కాటన్ అమ్మాయిని రమ్మన్నారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, “పోనా, వద్దా?” అని ఏడ్చింది. పొమ్మన్నాను. ఇంకేం చెప్పను?

ఆ ఆదివారం జార్జి టౌన్ వెళ్ళాను. మెట్ల కింద తోపుడు బళ్ళ వాళ్ళు దారి కోసం అరుచుకుంటున్నారు. పైన ఒక్క గదిలో, రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని అక్క పడుకుని ఉంది.

“కుర్చీ ఎవురికిచ్చినారు?”

చెప్పాను.

“దానికీ కాళ్ళుండాయి గదా,” అంది.

“ఆ పొద్దే మాట ఎనక్కి తీసుకునుంటే...”

“చాల్లే. ఇరవై ఏళ్ళు నిలబడింది నేను. పుండు నీ మాటతో వచ్చిందా?”

నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆ ఐదు రోజులు ఆమె కూర్చోలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. సంక్రాంతి తర్వాత మళ్ళీ పట్టు సెక్షన్‌కే రమ్మని కబురు పంపారట.

“వస్తావా అక్కా?”

“రాకుంటే ఎట్ట మే?” అంది. తరువాత, “ఆ కింద దిండు కొంచెం పైకి జరుపు. మెల్లిగా,” అంది.