నరసప్ప దూరపు లెన్సు

ఆదోనిలో ఫోటోలు తీసి బతికే నరసప్పకు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది ఒక లెన్సు పిచ్చి పట్టింది. బొంబాయి నుంచి తెప్పించుకున్నాడు. అంతవరకు దూరపు మనిషిని దగ్గరగా చూపించే లెన్సులంటే మోచేతి పొడవుండేవి. ఇది అరచేతిలో ఇమిడిపోయింది. ఉరుకుంద జాతరలో జనం ముఖాలు బిగించుకోకముందే ఫోటో తీయొచ్చని మురిసిపోయాడు.

పత్తి వ్యాపారి చెన్నకేశవులు ఆ మాట విని పిలిపించాడు. ఆయన తల్లి కన్యకమ్మ ఏనాడూ ఫోటోకు కూర్చోలేదు. కెమెరా ఇంట్లోకొస్తే తలుపేసుకునేది.

"అమ్మకు తెలీకుండా ఎదురంగడి నుంచి తియ్యప్పా," అన్నాడు.

ఎదుట హుసేనమ్మ టీ అంగడి. నరసప్ప అక్కడ మకాం పెట్టాడు. కన్యకమ్మ కూర్చునేది కొడుకు అంగడి బోర్డు కింది అరుగు మీద. అక్కడ నీడ. ఈ లెన్సుకేమో ఎంత వెలుతురున్నా చాలదు. షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే చెయ్యి అదిరింది; ఫిల్ము కడిగి చూస్తే అవ్వ ముఖం పిండిముద్దలా ఉంది. మర్నాడు గోడకు ఆనుకుని తీశాడు. సరిగ్గా నొక్కే వేళకు పత్తిబండి అడ్డమొచ్చింది. ఎద్దు మూపురం మాత్రం బ్రహ్మాండంగా పడింది.

"థూ, దీని బతుకు!" అని గట్టిగా తిట్టాడు.

"ఫోటో తీస్తాండావని ఎద్దుకేం తెలుస్తాదప్పా?" అని హుసేనమ్మ నవ్వేసరికి ఒళ్లు ఇంకా మండింది.

ఆ గొడవ వీధి దాటి అరుగు మీదికి వినిపించింది. కన్యకమ్మ చెయ్యి ఊపి పిలిచింది.

"ఏమప్పా నరసప్పా, దొంగ మాదిరి ఆడెందుకు దాక్కుంటావు? ఈడికొచ్చి తీసుకుపో. నీ అవస్థ సూళ్లేక సస్తాండా."

పరుగెత్తాడు. ఆమె ఎదుట నిలబడి చూస్తే కెమెరాలో ముక్కూ, ఒక చెంపా తప్ప ఏమీ పట్టలేదు. మామూలు లెన్సు స్టూడియోలో ఉండిపోయింది. తెచ్చేలోగా అవ్వ మనసు మారితే? చేసేది లేక వెనక్కి నడిచాడు, అరుగు దిగాడు, వీధి మధ్య దాకా పోయాడు.

"అవ్వా, కొంచెం ఎండలోకి జరుగు!"

"దగ్గరికి రమ్మంటే దూరం పోతావు. నీడలో కూసుంటే ఎండలోకి రమ్మంటావు. ఇదేం యంత్రమప్పా!"

విసుక్కుంటూనే ఆమె నోరంతా తెరిచి నవ్వేసింది. నరసప్ప నొక్కాడు.

ఫోటోలో వెనకున్నదంతా పొగలా కలిసిపోయి, ముఖం మీద ప్రతి ముడతా తేటగా వచ్చింది. చెన్నకేశవులు తిప్పి తిప్పి చూశాడు. "మన అంగడి బోర్డే కనపడలేదు. పండ్లు లేని నోరు మాత్రం ఉంది."

నరసప్పకు నెత్తి బాదుకోవాలనిపించింది. ఇంతలో కొడుకు చేతిలోంచి ఫోటోను కన్యకమ్మ తీసుకుంది. ఆ నవ్వును వేలితో తడిమింది.

"మా అమ్మ ఇట్లే నవ్వుతాండె," అంది.