చిలక అడుగున మైనం

కట్టుడుపళ్ళు చేసే మేస్త్రికి ఎక్కడ చిన్న బెజ్జం కనిపించినా పంటిరంగు మైనం అద్ది నున్నగా చేసేదాకా చెయ్యి ఊరుకోదు. ముప్పై ఏళ్ళ అలవాటు. మామగారి ఆస్తిలో వాటాగా వచ్చిన ఏనుగు దంతపు చిలక మూడు నెలలుగా అతని బల్ల మీద, పళ్ళ అచ్చుల పక్కనే ఉంటోంది. అమ్మితే నేరం. "అటవీశాఖ ఆఫీసులో అప్పజెప్పేసి రండి, పీడా పోతుంది" అని భార్య రోజూ పోరుతోంది. "రేపు చూద్దాంలే" అంటూ అతను దాని రెక్కల మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే ప్లాస్టిక్ అంటాడు.

పళ్ళసెట్టు సరిచూసుకోవడానికి వచ్చిన ముసలమ్మకూ అదే చెప్పాడు. ఆవిడ చిలకను తిరగేసి, అడుగున మెత్తగా తగిలినదాన్ని గోటితో గీకింది. మైనం ఊడి, ఆవగింజంత నల్లటి బెజ్జం బయటపడింది.

"ఇది పన్నే కదా నాయనా. విరిగిన నా పన్ను తెస్తే నువ్వే చూపించావుగా, నరం ఉండే దారి ఇదని."

మేస్త్రి చేతిలోని ఆకురాయి ఆగిపోయింది.

"దానికెంత నొప్పెట్టిందో" అంటూ ఆవిడ చిలకను మెల్లిగా బల్ల మీద పెట్టింది. అతను తలెత్తలేదు. ఆ బెజ్జాన్ని మొదటి రోజే చూశాడు, ఏమిటో తెలిసే పూడ్చాడు.

ఆ మధ్యాహ్నమే అటవీశాఖ ఆఫీసుకు వెళ్ళాడు. మైనం మళ్ళీ పెట్టలేదు. గుమస్తా కాగితం మీద 'చిలక బొమ్మ' అని రాయబోతుంటే మేస్త్రి ఆపాడు.

"పన్ను అని రాయండి" అన్నాడు.